మన చేతులతో మన ఇంటికి ఆటోమేషన్: లాభమెంత, ప్రమాదమెంత?



ఈనాటి మన పాఠ్యాంశం హోమ్ ఆటోమేషన్. ఇంట్లో మనం స్విచ్చు నొక్కి చేసే పనులను యంత్రం తనంతట తానే చేసేటట్లు, లేదా మనం దూరం నుంచి చెబితే చేసేటట్లు ఏర్పాటు చేసుకోవడమే హోమ్ ఆటోమేషన్. బజారులో తయారుగా దొరికే సామగ్రిని కొని బిగించుకోవడం ఒక పద్ధతి. విడి భాగాలు తెచ్చుకొని, వాటిని కలిపి, ప్రోగ్రాము రాసుకొని మనమే తయారు చేసుకోవడం రెండో పద్ధతి. ఈ ప్రసంగంలో మనం ప్రధానంగా రెండో పద్ధతిని గురించి తెలుసుకుందాం. దానివల్ల కలిగే లాభాలేమిటి? నష్టాలేమిటి? ఏ పని మనం చేసుకోవచ్చు, ఏ పని చేసుకోకూడదు?

విషయం సులభంగా అర్థం కావడానికి ఒక ఇంటిని ఉదాహరణగా తీసుకుందాం. ఆ ఇల్లు ఇచ్ఛాపూర్‌లో ఉందనుకోండి. శ్రీకాకుళం జిల్లాలోని ఇచ్ఛాపురం కాదు, గుజరాత్‌లో సూరత్ నుంచి హజీరా వెళ్ళే దారిలో ఉన్న ఇచ్ఛాపూర్. హజీరాలో ఎరువులు, ఉక్కు, సహజవాయువు పరిశ్రమలున్నాయి. ఇచ్ఛాపూర్‌లో వజ్రాలు, నగల పరిశ్రమ కోసం ఏర్పాటు చేసిన పార్కు ఉంది. సూరత్ నగరంలోని మరమగ్గాల మీద పని చేయడానికి తెలంగాణ జిల్లాల నుంచి ఎన్నో పద్మశాలి కుటుంబాలు వలస వెళ్ళి స్థిరపడ్డాయని మీకు తెలిసే ఉంటుంది. అటువంటి ఒక కుటుంబమే మన ఉదాహరణ. తాతగారు మగ్గం మీద పని చేశారు. తండ్రి హజీరాలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. ఇంట్లో తల్లి, నాయనమ్మ, ఇంజనీరింగు చదువుతున్న కొడుకు ఉన్నారు. ఈ కుటుంబం మనం ఊహించుకున్నదే. కాని ఈ ఇంటికి వచ్చే ఇబ్బందులు మాత్రం ఎవరింటికైనా వచ్చేవే.

ఇది కొత్త విద్యేమీ కాదు

ఇంట్లోని కరెంటు తీగల మీదుగానే సంకేతాలు పంపి దీపాలను, పరికరాలను నడిపే ఎక్స్-10 అనే పద్ధతిని స్కాట్లండ్‌లోని ఒక సంస్థ 1975లో రూపొందించింది. కాని సామాన్యుడు తన ఇంటికి కావలసిన పరికరాన్ని తానే తయారు చేసుకోగలగడం చాలా కాలానికి గాని సాధ్యం కాలేదు. 2005లో ఇటలీలో ఆర్డునో బోర్డు వచ్చింది. 2012లో ఇంగ్లండ్‌లో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు వచ్చింది. 2014లో చైనా నుంచి వైఫై సౌకర్యం ఉన్న ఇ.ఎస్.పి. 8266 అనే చౌక చిప్పు వచ్చింది. దీనితో కొన్ని వందల రూపాయల ఖర్చులోనే ఒక స్విచ్చును ఫోనుకు కలపడం వీలయింది.

ఇటువంటి పరికరంలో ముఖ్యంగా మూడు భాగాలుంటాయి. మొదటిది సెన్సరు. ఇది నీటి మట్టం, వేడి, వెలుతురు, మనిషి కదలిక వంటివాటిని గ్రహిస్తుంది. రెండోది మైక్రోకంట్రోలరు. ఇది సెన్సరు చెప్పినదాన్ని బట్టి ఏం చేయాలో నిర్ణయిస్తుంది. మూడోది రిలే. చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే, తెంపే విద్యుదయస్కాంత స్విచ్చు ఇది. మొదటి రెండూ 5 వోల్టులు, అంతకన్నా తక్కువతో పని చేస్తాయి. రిలే దగ్గర మాత్రం మన ఇంటి 230 వోల్టులు ఉంటాయి. ఈ హద్దును గుర్తు పెట్టుకోండి. ఈ పాఠంలో చాలా భాగం దీని చుట్టే తిరుగుతుంది.

లాభాలు

మన ఉదాహరణలోని అబ్బాయి ఏం చేశాడో చూద్దాం. తండ్రి రాత్రి షిఫ్టు నుంచి వచ్చే వేళకు మెట్ల దగ్గర దీపం వెలిగేటట్లు పెట్టాడు. నాయనమ్మ రాత్రిపూట మంచం దిగగానే, నేలకు దగ్గరగా ఉన్న చిన్న దీపం వెలిగేటట్లు అమర్చాడు. మిద్దె మీది ట్యాంకు నిండగానే మోటారు ఆగిపోయే ఏర్పాటు చేశాడు.

ఇవి ఆడంబరాలు కావు. పెద్దవారు రాత్రి చీకట్లో స్విచ్చు కోసం తడుముకుంటూ కింద పడటం మన ఇళ్ళలో జరిగే ప్రమాదమే. ఆ చిన్న దీపం విలువ కరెంటు బిల్లులో కనిపించదు.

సొంతంగా చేసుకోవడంలో ఇంకా మూడు లాభాలున్నాయి. మొదటిది, మన అవసరానికి సరిగ్గా సరిపోయేటట్లు చేసుకోవచ్చు. రెండోది, పాడైతే ఏ భాగం పాడైందో తెలుస్తుంది, ఆ ఒక్కటే మార్చుకోవచ్చు. మూడోది చదువు. ఓమ్ సూత్రాన్ని పరీక్ష కోసం నేర్చుకున్న విద్యార్థికీ, తన ఇంటి ట్యాంకు కోసం నేర్చుకున్న విద్యార్థికీ చాలా తేడా ఉంటుంది.

కరెంటు ఆదా అవుతుందా?

ఆటోమేషన్ వల్ల కరెంటు ఆదా అవుతుందని చాలామంది అంటారు. కాగితం, పెన్సిలు తీసుకొని ఒకసారి లెక్క వేయండి.

9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బును రోజుకు 4 గంటలు అనవసరంగా వెలగనిస్తున్నామనుకుందాం. రోజుకు 36 వాట్-గంటలు, ఏడాదికి సుమారు 13 యూనిట్లు వృథా అవుతాయి. దీన్ని ఆపడానికి ఒక వైఫై రిలే పెట్టాం. అది పగలూ రాత్రీ మేలుకొని ఉండాలి. అందుకు సుమారు 1 వాట్ కావాలనుకుంటే, ఏడాదికి 8,760 గంటలు కాబట్టి దాదాపు 9 యూనిట్లు ఖర్చవుతాయి. అంటే 13 యూనిట్లు మిగుల్చుకోవడానికి 9 యూనిట్లు ఖర్చు పెట్టాం. నికరంగా మిగిలింది 4 యూనిట్లే.

ఇప్పుడు ఫ్యాను సంగతి చూడండి. పాత సీలింగు ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. బి.ఎల్.డి.సి. మోటారు ఉన్న ఫ్యాను సుమారు 28 వాట్లతో నడుస్తుంది. ఏడాదికి 300 రోజులు, రోజుకు 12 గంటలు తిరిగితే మొదటిదానికి 270 యూనిట్లు, రెండోదానికి సుమారు 101 యూనిట్లు. ఒక్క ఫ్యాను మార్చడం వల్లనే 169 యూనిట్లు మిగిలాయి. ఇందులో ఆటోమేషన్ ఏమీ లేదు.

కాబట్టి కరెంటు ఆదాయే మీ ఉద్దేశమైతే ముందు పాత పరికరాలను మార్చండి. ఆటోమేషన్ వల్ల అసలు లాభం సౌకర్యంలోను, భద్రతలోను, మరచిపోయే పనులను గుర్తు పెట్టుకోవడంలోను ఉంది.

మరచిపోయే పని: మోటారు

మన ఇళ్ళలో ఎక్కువగా మరచిపోయేది నీళ్ళ మోటారు. నిమిషానికి 40 లీటర్లు ఎక్కించే మోటారును ట్యాంకు నిండాక అరగంట మరచిపోతే 1,200 లీటర్ల నీరు మిద్దె మీదినుంచి పారిపోతుంది. అందువల్ల ఇక్కడ ఆటోమేషన్ తప్పకుండా ఉపయోగపడుతుంది. అయితే తప్పులు కూడా ఇక్కడే ఎక్కువగా జరుగుతాయి.

తెలంగాణ రైతుల అనుభవం ఇందుకు మంచి ఉదాహరణ. పొలాలకు కరెంటు విడతలుగా, తరచు అర్ధరాత్రి వస్తున్న కాలంలో రైతులు బోరు మోటార్లకు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే మోటారు దానంతట అదే మొదలవుతుంది. చీకట్లో పాములకూ, కరెంటు షాకుకూ భయపడుతూ పొలానికి పోవలసిన పని తప్పింది. అది మంచి పరిష్కారమే. కాని 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు ఇవ్వడం మొదలైంది. అప్పుడు అదే ఆటో స్టార్టరు సమస్యగా మారింది. మోటారు ఆగకుండా నడిస్తే భూగర్భజలం తరిగిపోతుందని, ఆటో స్టార్టర్లను తీసివేయాలని రైతులకు విజ్ఞప్తి చేయవలసి వచ్చింది. ఆ పరికరానికి మొదలుపెట్టడం తెలుసు, ఆపడం తెలియదు. పరిస్థితి మారినా అది మారలేదు.

ఇప్పుడు మన ఇచ్ఛాపూర్ ఇంటి తాతగారి మగ్గాన్ని గుర్తు చేసుకోండి. మరమగ్గం మీద పేక పోగు తెగితే, ఆ సంగతి పట్టుకొని మగ్గాన్ని ఆపే ఏర్పాటు ఉంటుంది. జపాన్‌కు చెందిన సాకిచి టొయోడా తన మగ్గాలను ఈ సూత్రం మీదనే అభివృద్ధి చేశారు. 1924లో ఆయన పూర్తి చేసిన టైప్-జి ఆటోమేటిక్ మగ్గం పోగు తెగితే తానే ఆగిపోయేది. అందుకే ఒకే మనిషి ఎన్నో మగ్గాలను చూసుకోగలిగాడు. నేతపనివారికి బాగా తెలిసిన ఈ సూత్రమే ఇంటి ఆటోమేషన్‌కూ పునాది. తప్పు జరిగినప్పుడు సురక్షితంగా ఆగిపోయే యంత్రాన్నే మనం నమ్మి వదిలి వెళ్ళగలం.

ఈ సూత్రాన్ని మోటారుకు అన్వయించి చూద్దాం.

సెన్సరు పాడైతే ఏమవుతుంది? ట్యాంకు నిండినా నిండలేదనే చెబుతుంది. అందుకని సెన్సరుతోబాటు సమయ పరిమితి కూడా ఉండాలి. 1,000 లీటర్ల ట్యాంకు, నిమిషానికి 40 లీటర్ల చొప్పున నిండడానికి 25 నిమిషాలు చాలు. కాబట్టి సెన్సరు ఏం చెప్పినా 30 నిమిషాలకు మోటారు ఆగిపోవాలి.

కింది సంపులో నీళ్ళు లేకపోతే? మోటారు నీరు లేకుండా తిరిగి సీలు చెడిపోతుంది, వైండింగు కాలిపోతుంది. అందుకని సంపులో కూడా ఒక సెన్సరు అవసరం.

రిలే అంటుకుపోతే? ఇది చాలామంది ఆలోచించని సంగతి. 1 హార్స్‌పవరు మోటారు నడిచేటప్పుడు తీసుకునే కరెంటుకు ఎన్నో రెట్లు మొదలయ్యే క్షణంలో తీసుకుంటుంది. బోర్డు మీద 10 ఆంపియర్లు అని రాసి ఉన్న చిన్న రిలే ఈ తాకిడికి తట్టుకోలేక, కొంతకాలానికి దాని కాంటాక్టులు ఒకదానికొకటి అతుక్కుపోవచ్చు. అప్పుడు ప్రోగ్రాము ‘ఆగు’ అన్నా మోటారు ఆగదు. సముద్రానికి దగ్గరగా ఉండే తేమ ప్రాంతాలలో కాంటాక్టులు తొందరగా పాడవుతాయి కూడా. కాబట్టి చిన్న రిలే మోటారును నేరుగా నడపకూడదు. అది ఒక కాంటాక్టరును నడపాలి, కాంటాక్టరు మోటారును నడపాలి. మోటారుకు తగిన ఓవర్‌లోడ్ రక్షణ కూడా ఉండాలి.

కరెంటు పోయి వస్తే? రిలే ఆగిన స్థితిలోనే ఉండేటట్లు ప్రోగ్రాము రాసుకోవాలి. లేకపోతే ఎవరో ట్యాంకు కడుగుతుండగా, మరొకరు పైపు విప్పుతుండగా మోటారు మొదలవుతుంది.

ప్రాణాపాయం ఉన్న చోట్లు

సొంతంగా చేసుకునే పనిలో అన్నిటికన్నా పెద్ద నష్టం డబ్బు నష్టం కాదు. 230 వోల్టుల దగ్గర ఒక్క పొరపాటు చాలు. ఈ ప్రమాదం తయారు చేసినవారికే పరిమితం కాదు. తడిచేత్తో బోర్డు ముట్టుకునే తల్లికీ, మిద్దె మీద బట్టలు ఆరవేసే నాయనమ్మకూ ఉంటుంది.

ఈ విషయంలో చట్టం కూడా స్పష్టంగానే ఉంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లోను, తిరిగి 2023లోను జారీ చేసిన భద్రతా నిబంధనల ప్రకారం ఇంటి వైరింగులో కొత్తగా చేర్చడం, మార్చడం వంటి పనులు లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు ద్వారా, అర్హత పత్రం ఉన్నవారి పర్యవేక్షణలో జరగాలి. 250 వోల్టులు మించని బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు వంటివాటిని అదే సామర్థ్యం ఉన్నవాటితో మార్చుకోవడానికి మాత్రమే మినహాయింపు ఉంది. కాబట్టి పని ఇలా పంచుకోండి: సెన్సరు, ప్రోగ్రాము, 5 వోల్టుల భాగం మీరు చేయండి. రిలే నుంచి అవతలి భాగాన్ని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనుకు అప్పగించండి.

ట్యాంకులో పెట్టే సెన్సరుకు ఎప్పుడూ తక్కువ వోల్టేజీయే వాడండి. కొన్ని ఫ్లోట్ స్విచ్చులలో 230 వోల్టుల తీగ నీళ్ళలోకి దిగుతుంది. తీగ మీది తొడుగు పగిలిన రోజున కుళాయి ముట్టుకున్నవారికి షాకు తగలవచ్చు.

ఇంటికి 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉందో లేదో చూసుకోండి. తీగలోని కరెంటు మనిషి శరీరం గుండానో, తడిగోడ గుండానో భూమిలోకి పోతే ఇది వెంటనే సరఫరాను తెంపుతుంది. దాని మీద ఉండే టెస్టు బటను అప్పుడప్పుడు నొక్కి పరీక్షించాలి. ఎర్తింగు కూడా సరిగా ఉండాలి. ఈ రెండూ లేని ఇంట్లో ఆటోమేషన్ మొదలుపెట్టకండి.

గ్యాసు సెన్సరు విషయంలో ఇంకొక జాగ్రత్త కావాలి. సిలిండరులో వచ్చే ఎల్.పి.జి. గాలికన్నా బరువు, లీకయితే నేల మీద పేరుకుంటుంది. అందువల్ల సెన్సరు కింద ఉండాలి. సూరత్‌లో చాలా ఇళ్ళకు గొట్టాల ద్వారా సహజవాయువు వస్తుంది. అది గాలికన్నా తేలిక, పైకప్పు వైపు చేరుతుంది. కాబట్టి అక్కడ సెన్సరు పైన ఉండాలి. వరంగల్‌లోని బంధువుల ఇంట్లో చూసి అదే ఎత్తులో ఇచ్ఛాపూర్‌లో పెడితే అది ఉండీ లేనట్లే. గ్యాసు లీకయినప్పుడు ఎగ్జాస్టు ఫ్యాను తిరిగేటట్లు రిలే పెట్టడం ఇంకా ప్రమాదం. రిలేలో పుట్టే నిప్పురవ్వే గ్యాసును అంటించవచ్చు. గ్యాసుకు ప్రమాణాల ప్రకారం తయారైన అలారాన్ని కొనుక్కోవడమే మేలు. ఇది ప్రయోగాలు చేయవలసిన చోటు కాదు.

తలుపు తాళానికి కూడా ఇదే మాట. కరెంటు లేకపోయినా, ప్రోగ్రాము ఆగిపోయినా, లోపలివారు చేత్తో తలుపు తీసుకొని బయటికి రాగలగాలి.

పరికరాల పెట్టెను ఎంత ఎత్తులో పెట్టాలన్నది కూడా ఆలోచించండి. 2006 ఆగస్టులో ఉకాయ్ ఆనకట్ట నుంచి వదిలిన నీటితో తాపీ నది పొంగి సూరత్‌లో చాలా భాగం మునిగింది. వరద ఎరిగిన ఊళ్ళలో ఇటువంటి పెట్టెలు వీలైనంత ఎత్తులో ఉండాలి. నీరు వస్తే మొత్తం సరఫరాను కట్టేసే మెయిన్ స్విచ్చు చేతికి అందేటట్లు ఉండాలి.

ఇంటి బయట ఉన్న తాళంచెవి

మన ఇంటి దీపం వెలగడానికి ఎక్కడో విదేశంలోని సర్వరు అనుమతి కావాలా? చాలా పరికరాలకు కావాలి. 2016లో రివాల్వ్ అనే హబ్బుకు సేవలు నిలిపివేయడంతో, కొన్నవారి ఇళ్ళలో అది పనికిరాని పెట్టెగా మిగిలింది. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియన్ అనే సంస్థ సర్వర్లు ముందుగా చెప్పకుండానే ఆగిపోయాయి. సొంతంగా చేసుకునేవారికి ఇక్కడ ఒక సదుపాయం ఉంది. 2013లో మొదలైన హోమ్ అసిస్టెంట్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరును ఇంట్లోని చిన్న కంప్యూటరులోనే నడుపుకోవచ్చు. ఇంటర్నెట్ లేకపోయినా ఇంటి పనులు ఆగవు.

కాని భద్రత బాధ్యత కూడా అప్పుడు మనదే. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రాము ప్రపంచమంతటా లక్షలాది కెమెరాలలో, రూటర్లలో చొరబడింది. వాటిలో చాలావరకు కంపెనీ పెట్టిన పాస్‌వర్డును మార్చకుండా వాడుతున్నవే. పాస్‌వర్డు మార్చండి. సాఫ్ట్‌వేరును ఎప్పటికప్పుడు నవీకరించండి. ఈ పని ఒక్కసారితో అయిపోదు, పరికరం ఉన్నంతకాలం చేస్తూనే ఉండాలి. ఖర్చు లెక్క వేసుకునేటప్పుడు ఈ శ్రమను కూడా చేర్చుకోవాలి.

చేసినవారు ఇంట్లో లేని రోజు

ఇప్పుడు మన ఉదాహరణలోని అబ్బాయికి బెంగుళూరులో ఉద్యోగం వచ్చింది. తండ్రి రాత్రి షిఫ్టులో ఉన్నాడు. వర్షానికి ఇంటర్నెట్ పోయింది. గది దీపం ఫోనులో తప్ప వెలగదు, గోడ మీద స్విచ్చు తీసివేశారు. నాయనమ్మ మనవడికి ఫోను చేసింది.

‘‘ఒరేయ్ నాన్నా, దీపం ఎట్లా వెయ్యాలిరా?’’

ఈ ఒక్క ప్రశ్నే ఆటోమేషన్‌కు అసలైన పరీక్ష. తయారు చేసినవారు దగ్గర ఉన్నప్పుడు ఏ యంత్రమైనా బాగానే నడుస్తుంది. వారు ఊళ్ళో లేనప్పుడు, దాని సంగతి తెలియనివారి చేతిలో, చీకట్లో అది ఎలా ప్రవర్తిస్తుంది? నాయనమ్మకు ఇరవై ఏళ్ళుగా తెలిసిన స్విచ్చును తీసివేసి ఆమెను సొంత ఇంట్లోనే పరాయిదాన్ని చేస్తే, అది సౌకర్యం అనిపించుకోదు.

కాబట్టి గోడ మీది స్విచ్చును ఎప్పుడూ ఉంచండి. ఆటోమేషన్ దానికి తోడుగా ఉండాలి, దాని స్థానాన్ని ఆక్రమించకూడదు. మోటారుకు ‘చేతితో’, ‘ఆపు’, ‘ఆటో’ అనే మూడు స్థానాల స్విచ్చు పెట్టించి, వాటిని ఇంట్లోవారికి తెలిసిన భాషలో రాయండి. ‘చేతితో’ అనే స్థానంలో మైక్రోకంట్రోలరుతో సంబంధం లేకుండా మోటారు నడవాలి. కాని ఓవర్‌లోడ్ రక్షణ అప్పుడు కూడా పని చేయాలి. ఏ తీగ ఎక్కడికి పోతుందో కాగితం మీద బొమ్మ గీసి మీటరు బోర్డు తలుపు లోపలి వైపు అంటించండి. రేపు వచ్చే ఎలక్ట్రీషియనుకు మీ ప్రోగ్రాము అక్కరలేదు, ఆ బొమ్మ కావాలి. పాస్‌వర్డులను ఒక పుస్తకంలో రాసి ఇంట్లో మరొకరికి అప్పగించండి.

ముగింపు

ఇంతవరకు చెప్పుకున్నదాన్ని బట్టి పనిని ఏ వరుసలో మొదలుపెట్టాలో చూద్దాం. ముందు ఎర్తింగు, ఆర్.సి.సి.బి. సరిచూపించుకోండి. తరువాత బ్యాటరీతో నడిచే చిన్న రాత్రి దీపంతో నేర్చుకోవడం మొదలుపెట్టండి. అది పాడైనా ఎవరికీ ప్రమాదం లేదు. ఆ తరువాత ట్యాంకు నీటి మట్టాన్ని చూపించే పరికరం చేయండి. అది మోటారును నడపకుండా, నిండిందని గంట మాత్రమే కొట్టాలి. వానాకాలం, వేసవికాలం రెండూ గడిచేదాకా దాన్ని గమనించండి. ఎన్నిసార్లు తప్పు చెప్పిందో రాసిపెట్టుకోండి. నమ్మకం కుదిరాకే, ఎలక్ట్రీషియను సాయంతో మోటారుకు కలపండి. గ్యాసు, తాళాలు, గీజరు వంటివాటి జోలికి ప్రయోగాలతో వెళ్ళకండి.

చివరగా ఒక చిన్న అభ్యాసం. మీ ఇంట్లో ఏదైనా ఆటోమేటిక్ పరికరం ఉంటే, ఈ ఆదివారం ఇంటర్నెట్ తీసివేసి, మీరు ఒక పక్కన మౌనంగా కూర్చోండి. ఇంట్లో అందరికన్నా పెద్దవారిని దీపం వేయమని, మోటారు ఆపమని అడగండి. ఎవరి సహాయం లేకుండా వారు ఆ రెండు పనులూ చేయగలిగితే మీ ఏర్పాటు సరైనది. చేయలేకపోతే ఏం మార్చాలో మీకే తెలుస్తుంది.